24 మంది వెళ్తారు, 24 మంది వస్తారు: నవోదయ తొమ్మిదో తరగతి కథ

కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడులైన జవహర్ నవోదయ విద్యాలయాల్లో చదివినవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే కాసేపటికి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "నువ్వు మైగ్రేషన్ వెళ్ళావా?" వెళ్ళినవాళ్ళంతా ఒక జట్టు, వెళ్ళనివాళ్ళు ఇంకో జట్టు. పక్కన కూర్చున్న బయటివాళ్ళకు ఈ మాట వింతగా ఉంటుంది. మైగ్రేషన్ అంటే పాలమూరు నుంచి ముంబైకి పని వెతుక్కుంటూ పోవడమే మనకు తెలిసిన అర్థం. నవోదయలో మాత్రం అది తొమ్మిదో తరగతి పిల్లలు ఒక ఏడాది వేరే రాష్ట్రంలోని హాస్టల్లో ఉండి చదువుకుని రావడం.

నియమం చిన్నదే. ప్రతి నవోదయకూ మరో భాషా ప్రాంతంలోని నవోదయతో జత కుదురుస్తారు. హిందీ మాట్లాడే జిల్లా ఒకటి, మాట్లాడని జిల్లా ఒకటి. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది ఇక్కడి నుంచి అక్కడికి వెళ్తారు, అక్కడి నుంచి అంతే మంది ఇక్కడికి వస్తారు. ఏడాది తర్వాత ఎవరి స్కూలుకు వాళ్ళు తిరిగొచ్చి పదో తరగతి చదువుతారు. నవోదయలో ఆరో తరగతికి 80 సీట్లు. ఆ 80 మందీ తొమ్మిది దాకా ఉన్నారనుకుంటే వెళ్ళేది 24 మంది. ఒకే సెక్షన్ ఉన్న స్కూల్లో 12 మంది.

కాగితం మీద ఇది "జాతీయ సమైక్యత". ప్రవేశ పరీక్ష వివరణపత్రంలోనే ఈ సంగతి ఉంటుంది. ఆరో తరగతి సీటు వచ్చిన సంతోషంలో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోరు. ఎనిమిదో తరగతి చివర్లో పేర్లు చదివినప్పుడు ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.

ఈ ఆలోచన వెనక ఒక తెలుగు సంబంధం ఉంది. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పి.వి. నరసింహారావు 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలోనే మొదటి గురుకుల పాఠశాల పెట్టించారు. ఊళ్ళలో బాగా చదివే పిల్లల్ని పరీక్ష పెట్టి ఎంచుకుని, ఒకేచోట ఉంచి, ఉచితంగా చదివించడం దాని పద్ధతి. 1985లో ఆయన కేంద్రంలో మానవ వనరుల మంత్రి అయ్యారు. 1985–86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో ప్రయోగంగా రెండు నవోదయలు మొదలయ్యాయి. 1986 జాతీయ విద్యా విధానం వాటిని జిల్లాకొకటి చొప్పున పెంచాలని చెప్పింది. సర్వేల్‌లో లేనిది, నవోదయలో కొత్తగా చేరింది ఈ మార్పిడే. సర్వేల్‌లో చేరిన పిల్లవాడు ఊరు వదిలాడు కానీ తెలుగు వదల్లేదు.

తొమ్మిదో తరగతినే ఎందుకు ఎంచుకున్నారన్నది తేలిగ్గానే తెలుస్తుంది. పదిలో బోర్డు పరీక్ష, పదకొండు పన్నెండులో గ్రూపులు. ఆరు, ఏడులో పిల్లలు మరీ చిన్నవాళ్ళు, ఇల్లు వదిలి హాస్టలుకు అలవాటు పడటానికే రెండేళ్ళు పడుతుంది. పైగా నవోదయలో ఏడు, ఎనిమిది దాకా మాతృభాషలో చెప్పి, ఆ తర్వాత లెక్కలు, సైన్సు ఇంగ్లిషులో, సాంఘికశాస్త్రం హిందీలో చెప్పాలని నియమం. అంటే ఎనిమిది దాటేసరికి బోధన భాష అన్నిచోట్లా ఒకటి కావాలి. పుస్తకాలు ఎన్‌సీఈఆర్‌టీవి, బోర్డు సీబీఎస్ఈ, కాబట్టి ఖమ్మం జిల్లా పాలేరు నవోదయలో ఆపిన పాఠాన్ని వేరే రాష్ట్రంలో అందుకోవచ్చు. రాష్ట్రానికో సిలబస్ ఉన్న మామూలు బడుల్లో ఈ మార్పిడి ఊహకే అందదు.

రైలు దిగి, ట్రంకు పెట్టె మోసుకుంటూ కొత్త గేటులోకి వచ్చిన పిల్లకు మొదట ధైర్యం చెప్పేది గోడ మీద రాసిన నాలుగు పేర్లు: అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి. దేశంలో ఏ నవోదయకు వెళ్ళినా హౌసులు, అంటే పిల్లలను విడదీసి పెట్టే జట్లు, ఇవే. తెల్లారగానే లేపే గంట, పీటీ, టిఫిన్, ప్రార్థన, క్లాసులు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఆటలు, రాత్రి స్టడీ, పడుకునేముందు హాజరు – అంతా తెలిసిన వరసే. డ్యూటీలో ఉన్న మాస్టారిని ఇక్కడా ఎంఓడీ అనే అంటారు. మూడేళ్ళు ఆ గంటకు అలవాటు పడిన ఒంటికి కొత్త స్కూల్లో దారి దానంతటదే దొరుకుతుంది. మైగ్రేషన్ మూడు దశాబ్దాలకు పైగా నిలబడటానికి సమైక్యత గురించిన ఉపన్యాసాల కంటే ఈ ఒకేరకం టైంటేబుల్ ఎక్కువ సాయం చేసింది.

తేడా తెలిసేది మెస్సులో. మన పిల్లలకు రాత్రి రోటీ, పొద్దున పోహా, దలియా. అన్నం ఉన్నా అది మన అన్నంలా ఉండదు, చారు ఉండదు, పచ్చడి అసలే ఉండదు. అందుకే పెట్టెలో బట్టల మధ్య ఆవకాయ సీసా, కారప్పొడి డబ్బా. వారానికి సరిపోతాయనుకున్నవి రెండు రోజుల్లో అయిపోతాయి, ఎందుకంటే బల్లకు అవతల కూర్చున్న హిందీ పిల్లలు ఒకసారి రుచి చూశాక వదలరు. ఇటువైపు వచ్చిన ఉత్తరాది పిల్లలదీ అదే గోల, తిరగేసి. రెండు పూటలా అన్నమేనా అని మొహం వేలాడేస్తారు. చింతపండు పులుపు, సాంబారు వాళ్ళకు కొత్త. ఇడ్లీ పళ్ళెంలో పడగానే ఇది టిఫినా, భోజనానికి ముందు పెట్టే ఏదో పదార్థమా అని తేల్చుకోలేరు. మెస్ కమిటీలో మైగ్రేషన్ పిల్లల్లో ఒక్కరిని కూర్చోబెట్టిన చోట వారానికి రెండు రాత్రులు రోటీ వస్తుంది. లేనిచోట ఏడాదంతా సణుగుడే. కొత్తవాళ్ళను కలుపుకుంటున్న స్కూలేదో, మోస్తున్న స్కూలేదో తెలుసుకోవాలంటే నోటీసు బోర్డు కన్నా మెస్ మెనూ చూడటం నయం.

చలి ఇంకో పరీక్ష. సముద్రం ఒడ్డు జిల్లా నుంచి వెళ్ళిన పిల్లవాడికి ఉత్తరప్రదేశ్‌లో డిసెంబరు అంటే ఏమిటో ఎవరు చెప్పినా అర్థం కాదు. ఎదుటి బ్లాకు కనబడనంత పొగమంచు, రజాయిలో కాళ్ళు ముడుచుకున్నా ఆగని వణుకు. తెల్లవారుజామున బోరు నీళ్ళు గోరువెచ్చగా వస్తాయని, సూర్యుడు వచ్చేదాకా ఆగితే ట్యాంకులో నీళ్ళు చల్లబడతాయని అక్కడి పిల్లలే నేర్పుతారు. ఇలాంటి చిన్న కిటుకుల దగ్గరే స్నేహాలు మొదలవుతాయి. ఫోను చేతిలో ఉండదు, ఇంటికి మాట్లాడేది అనుమతి దొరికిన రోజున, వరసలో నిలబడి. నెలకోసారి తల్లిదండ్రులు వచ్చే రోజున మిగతావాళ్ళ అమ్మలు తెచ్చిన డబ్బాల చుట్టూ మైగ్రేషన్ పిల్లలు చేరతారు. ఆ రోజు వాళ్ళకు కొంచెం కష్టంగానే ఉంటుంది. తెలివైన హౌస్ మాస్టర్లు ఆ ఆదివారం వాళ్ళకు ఏదో ఒక ఆట పెట్టి మైదానంలో ఉంచుతారు.

ఇక భాష. ఈ పథకంలో అసలు పేచీ అక్కడే ఉంది.

మార్పిడిలో రెండు వైపులా ప్రయాణించే కిలోమీటర్లు సమానమే. భాషలో ప్రయాణం సమానం కాదు. తెలుగు పిల్లవాడు ఆరో తరగతి నుంచీ హిందీ చదువుతాడు. హిందీ ప్రాంతపు నవోదయకు వెళ్ళాక సబ్బు కొనాలన్నా, జ్వరం వచ్చిందని నర్సుకు చెప్పాలన్నా, కబడ్డీలో అవుటు కాలేదని గొడవపడాలన్నా హిందీ తప్పదు. ఆ అవసరమే గురువు. గచ్చిబౌలి నవోదయ నుంచి వెళ్ళినవాడికి హైదరాబాదీ హిందీ కొంత వచ్చు. వాడు "కైకు", "నక్కో" అనగానే అక్కడివాళ్ళు పగలబడి నవ్వుతారు. వెన్నెలవలస నుంచో పెదవేగి నుంచో వెళ్ళినవాడిది పుస్తకాల హిందీ. వాక్యం తప్పు లేకుండా కట్టేసరికి అవతలివాడు మాట మార్చేస్తాడు. ఇద్దరినీ సమానంగా ఏడిపించేది లింగం. తెలుగులో ప్రాణం లేని వస్తువుకు ఆడా మగా లేదు. హిందీలో బస్సు "వస్తుంది" అనాలి, రైలు కూడా "వస్తుంది" అనాలి, ట్రక్కు మాత్రం "వస్తాడు" అన్నట్టు ఉంటుంది. దీనికి సూత్రం లేదు, నాలుక తిరగడమే. దీపావళి దాకా తప్పులు, సంక్రాంతికి ధారాళం, మార్చికి కలలు కూడా హిందీలోనే.

ఇటువైపు వచ్చిన హిందీ పిల్లవాడి పరిస్థితి వేరు. పక్క మంచం మీదివాడికి హిందీ వచ్చు. నవోదయ టీచర్లు అన్ని రాష్ట్రాల నుంచీ వస్తారు కనుక స్టాఫ్‌రూములోనూ హిందీ నడుస్తుంది. అంటే తెలుగు నేర్చుకోకపోయినా వాడి రోజు గడిచిపోతుంది. గడిచిపోయేది కాబట్టే చాలామంది నేర్చుకోరు. వాడికి తెలుగు వచ్చేది తరగతిలో కన్నా మెస్సు వంటవాళ్ళ దగ్గర. వాళ్ళు ఆ ఊరివాళ్ళు, హిందీ రాదు. "అక్కా, ఇంకొంచెం పప్పు" అన్నది చాలామంది ఉత్తరాది నవోదయ పిల్లలు సొంతంగా అన్న మొదటి తెలుగు వాక్యం అయి ఉంటుంది. ఆ తర్వాత వచ్చేవి తిట్లు, వాటికి మాత్రం గురువుల కొరత లేదు.

నిజానికి ఈ లోటును ముందే ఊహించి ఒక ఏర్పాటు చేశారు. హిందీ ప్రాంతాల్లోని నవోదయల్లో మూడో భాష ఏదన్నది మైగ్రేషన్ జతను బట్టి ఉంటుంది. తెలుగు జిల్లాతో జత కుదిరిన స్కూల్లో పిల్లలందరూ మూడో భాషగా తెలుగు చదవాలి. గంగా మైదానంలో ఏదో పల్లె పక్కన, ఆరో తరగతి పిల్లలు గుణింతాలు వల్లె వేస్తుంటారన్నమాట. ఉత్తరాదిలో తెలుగుకు బడిలో తప్పనిసరి చోటు ఇంత పద్ధతిగా దొరికిన సందర్భాలు అరుదు. మన భాషాభిమానులు దీని గురించి మాట్లాడటం తక్కువ.

ఆ ఏర్పాటు ఫలించేది, మూలన పడేది ఆ ఒక్క తెలుగు మాస్టారిని బట్టి. పోస్టు భర్తీ అయి, మనసు పెట్టే టీచరు ఉన్నచోట మైగ్రేషన్ పిల్లలే ఆయనకు సగం బలం. "ళ" పలకడం ఎలాగో పుస్తకం చూపించలేదు, పక్కన కూర్చున్న కర్నూలు పిల్ల చూపిస్తుంది. హిందీవాళ్ళు బాగా తడబడే ఇంకో చోటు మనం, మేము. హిందీలో రెండింటికీ "హమ్" ఒక్కటే. "మేము సినిమాకి వెళ్తున్నాం" అంటే ఎదుటివాడు రావట్లేదని, "మనం" అంటే వాడూ వస్తున్నాడని పట్టుకోవడానికి నెలలు పడుతుంది. పొరపాటున "మనం" అని చెప్పినందుకు చాలా పిలవని పేరంటాలు జరిగిపోతాయి. టీచరు పోస్టు ఖాళీగా ఉన్నచోట మాత్రం తెలుగు పీరియడు వేరే సబ్జెక్టు సిలబస్ పూర్తి చేసుకునే పీరియడు అవుతుంది. అప్పుడు అక్కడి నుంచి వచ్చే 24 మందికీ తెలుగు అచ్చులు కూడా పూర్తిగా రావు, అక్కడికి వెళ్ళిన మన పిల్లలకూ ఏడాది పాటు తమ భాష రాసే పని పడదు.

మైగ్రేషన్ గురించి మాట్లాడేటప్పుడు వెళ్ళినవాళ్ళ సంగతే చెబుతాం. వెళ్ళకుండా ఉండిపోయిన 56 మందికీ ఆ ఏడాది కొత్తదే. మూడేళ్ళుగా పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడు లేడు, ఆ మంచం మీద భాష తెలియని కొత్తవాడు. వాలీబాల్ జట్టులో సర్వీసు చేసేవాడు వెళ్ళిపోయాడు. దీనికి తోడు ఖాళీ సీట్ల కోసం తొమ్మిదో తరగతిలో మరో ప్రవేశ పరీక్ష పెట్టి కొందరిని చేర్చుకుంటారు. వాళ్ళకు హాస్టలే కొత్త. పాతవాళ్ళు, మైగ్రేషన్‌వాళ్ళు, కొత్తగా చేరినవాళ్ళు – ఈ మూడు రకాలూ ఒక్క తరగతిలో. ఏ నవోదయలోనైనా గొడవలు, అలకలు ఎక్కువగా కనబడేది ఈ తరగతిలోనే. మొదటి నెలల్లో రెండు గుంపులు, క్రికెట్‌లో తప్పనిసరిగా హిందీ జట్టు వర్సెస్ తెలుగు జట్టు. హౌసుల పోటీలు మొదలయ్యాక కథ మారుతుంది. నీలగిరి గెలవాలంటే బాగా పరిగెత్తే బీహార్ పిల్లవాడు కావాలి, వాడి భాషతో పనేముంది? హౌసుల్లో అన్ని తరగతుల పిల్లలనూ కలపడం, పాయింట్లు హౌసుకు ఇవ్వడం పాత బోర్డింగ్ స్కూళ్ళ నుంచి తెచ్చుకున్న పద్ధతే. ఇక్కడ అది భాషల గుంపును చీల్చే పనికి వచ్చింది.

ఇంటివాళ్ళ అభ్యంతరాలను తేలిగ్గా తీసిపారేయలేం. మొదటిది చదువు. తొమ్మిదిలో బలపడాల్సిన ఆల్జీబ్రా, భౌతికశాస్త్రం కొత్త టీచర్ల దగ్గర, కొత్త ఉచ్చారణలో మొదటి రెండు నెలలు సరిగా ఎక్కవు. పదిలో దాని దెబ్బ పడుతుందేమోనన్న భయం. రెండోది ఆడపిల్లల సంగతి. నవోదయలో మూడో వంతు సీట్లు ఆడపిల్లలవి. పద్నాలుగేళ్ళ కూతురిని వెయ్యి కిలోమీటర్ల అవతలికి పంపడానికి పల్లెటూరి ఇంట్లో అమ్మమ్మ దగ్గర నుంచి అందరూ అడ్డుపడతారు. వెంట టీచర్లు వెళ్తారు, ఖర్చు ఈ బడులను నడిపే నవోదయ విద్యాలయ సమితిదే, అయినా రాత్రంతా నిద్ర పట్టదు. చిన్న సెలవులకు అంత దూరం నుంచి ఇంటికి రాలేరు కూడా. చిత్రంగా, వెళ్ళొచ్చిన ఆడపిల్లలే తర్వాత చెల్లెళ్ళను పంపమని ఇంట్లో వాదిస్తారు. రైలు టికెట్టు చూసుకోవడం, తెలియని ఊళ్ళో అడిగి తెలుసుకోవడం, సొమ్ము లెక్క రాసుకోవడం పద్నాలుగేళ్ళకే వచ్చేస్తే, ఇంటర్ తర్వాత దూరపు కాలేజీ అన్నప్పుడు వాదన సగం గెలిచినట్టే.

మూడోది మనసు. 2013–17 మధ్య నవోదయల్లో 49 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని 2018 చివర్లో పత్రికల్లో వచ్చింది, జాతీయ మానవ హక్కుల కమిషన్ కేంద్రానికి నోటీసు ఇచ్చింది. దాన్ని మైగ్రేషన్‌కు ముడిపెట్టడం సరికాదు. కానీ ఇల్లు దూరమైన పిల్లవాడి మౌనాన్ని గమనించే మనిషి హాస్టల్లో ఉన్నాడా అన్న ప్రశ్న, వేల కిలోమీటర్లు పంపేటప్పుడు రెండింతలు అవుతుంది. క్లాసులు చెప్పిన టీచరే రాత్రి హౌస్ మాస్టర్ కూడా. ఆయనకు పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంటుంది, నలభై మంది పిల్లల హాజరూ ఉంటుంది. భాష రాని పిల్లవాడు తన బాధ ఏ భాషలో చెబుతాడు? తెలుగు మాస్టారి పోస్టు ఖాళీగా ఉండకూడదనడానికి వ్యాకరణం కన్నా పెద్ద కారణం ఇదే.

2020 మార్చిలో ఈ పథకం మొత్తం ఒక్కసారిగా ఇరుక్కుపోయింది. వేసవి సెలవులు ముందుకు జరిపి చాలామంది పిల్లలను ఇళ్ళకు పంపారు. మైగ్రేషన్ పిల్లల మార్పిడి మాత్రం లాక్‌డౌన్‌కు దొరికిపోయింది. దేశవ్యాప్తంగా 173 నవోదయల్లో మూడు వేలకు పైగా పిల్లలు, ఇళ్ళకు వందల, వేల కిలోమీటర్ల దూరంలో, ఖాళీ అయిపోయిన హాస్టళ్ళలో ఉండిపోయారు. రోడ్ల మీద వలస కూలీలు నడుస్తున్న రోజులవి. "మైగ్రేషన్" అన్న మాట రెండు అర్థాలూ ఒకే నెలలో ఎదురెదురు పడ్డాయి. మే నెల సగానికి బస్సుల్లో రాష్ట్రాలు దాటించి పిల్లలందరినీ ఇళ్ళకు చేర్చారు. కదలని ఆ వారాల్లో మిగిలిన పిల్లలను చూసుకున్నది క్యాంపస్‌లోనే ఉండే టీచర్ల కుటుంబాలు, వంటవాళ్ళు. బోర్డింగ్ స్కూలుకూ మామూలు బడికీ తేడా అలాంటప్పుడే తెలుస్తుంది. బడి మూసినా అక్కడ ఇల్లు మూయలేరు.

తిరిగి రావడం కూడా అనుకున్నంత తేలిక కాదు. పదో తరగతి మొదటి రోజున మన స్కూల్లో మన మంచం మీద ఇంకెవరో ఉంటారు. ఉండిపోయినవాళ్ళకు ఈ ఏడాదిలో కొత్త జోకులు, కొత్త పేర్లు, కొత్త జట్లు. వెళ్ళొచ్చినవాడు మాట మధ్యలో "అరే యార్" అంటే వెక్కిరిస్తారు. టీచర్లు మొదటి యూనిట్ పరీక్షలో మార్కులు చూసి పెదవి విరుస్తారు. ఈ రెండో సర్దుబాటు గురించి ఏ సర్క్యులరూ మాట్లాడదు. బోర్డు పరీక్ష హడావిడిలో అది అలా కొట్టుకుపోతుంది.

ఇంకో చిత్రం ఉంది. జత ఎప్పుడూ హిందీకీ హిందీ కానిదానికీ మధ్యే కుదురుతుంది. అందుకే లేపాక్షి నవోదయ పిల్లవాడు కూతవేటు దూరంలో ఉన్న కన్నడ జిల్లాకు వెళ్ళడు, శ్రీకాకుళంవాడు ఒడిశాకు వెళ్ళడు. తమిళనాడులో హిందీ వద్దన్న రాజకీయ నిర్ణయం వల్ల నవోదయలే నడవలేదు, కనుక తమిళం ఈ లెక్కలోకి దాదాపు రాదు. రోజూ సరిహద్దు దాటి సంతకు పోయే మనుషుల భాషలు ఈ పథకానికి కనబడవు. దేశాన్ని కలపడమంటే ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలపడమే అని 1986లో అనుకున్నారు. పక్క పక్క భాషలు వాటంతటవే కలిసే ఉంటాయని అనుకున్నట్టున్నారు. కావేరి గొడవలు చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం దేశంలో మరో 28 నవోదయలకు ఒప్పుకుంది. అందులో ఏడు తెలంగాణవి: జగిత్యాల, నిజామాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మేడ్చల్–మల్కాజిగిరి, మహబూబ్‌నగర్, సంగారెడ్డి, సూర్యాపేట. అప్పటిదాకా పాత జిల్లాల లెక్కన తొమ్మిదే ఉండేవి. ఆరో తరగతితో మొదలైన స్కూల్లో మైగ్రేషన్ మాట నాలుగో ఏట వస్తుంది. ఆలోగా ఈ ఏడింటికీ హిందీ ప్రాంతంలో ఏడు జతలు వెతకాలి, ఆ ఏడు చోట్లా ఆరో తరగతి పిల్లలకు అ ఆలు దిద్దించే మాస్టార్లను వెయ్యాలి. స్థలం, భవనం, కిచెను షెడ్డు గురించి కలెక్టర్లు సమీక్షలు పెడతారు. ఎక్కడో దూరపు జిల్లాలో పడాల్సిన ఆ ఏడు తెలుగు పోస్టులు ఎవరి సమీక్షలోకి వస్తాయో చూడాలి.